పెన్న తీరంలో రొయ్యల గుంటల లెక్క: ఉపగ్రహ చిత్రాలతో ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి: హద్దు, డేటా

పెన్న సముద్రంలో కలిసే చోటికి ఉత్తరాన విడవలూరు మండలం, ఊటుకూరు, రామతీర్థం. దక్షిణాన ఇందుకూరుపేట మండలం, గంగపట్నం, మైపాడు. ఈ తీరం మీద ఏ గుంటలో ఎప్పుడు నీళ్లు పెట్టారు, ఎప్పుడు పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయి ఖాళీ చేశారు అన్నది గుంట వారీగా ఏడాది పొడవునా రాసిపెట్టాలి. అదీ పని. ఒక రోజు ఫొటో చూసి ‘ఇన్ని ఎకరాల్లో రొయ్యల సాగు’ అని చెప్పే మ్యాపులు చాలానే ఉన్నాయి. ఆ రోజు ఎండబెట్టిన గుంటలు వాటిలో సాగు కింద లెక్కకు రావు. ఏళ్ల తరబడి వదిలేసి వాన నీళ్లు నిలిచిన గుంటలు మాత్రం లెక్కలో చేరిపోతాయి. ఆ రెండింటినీ విడదీయాలంటే వరుసగా చిత్రాలు కావాలి.

అందుకే ప్లానెట్ సంస్థ డవ్ ఉపగ్రహాల చిత్రాలు తీసుకున్నాం. ఒక్కోటి 10 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం, 30 సెంటీమీటర్ల పొడవుండే చిన్న పెట్టె. ఇలాంటివి వందకు పైగా సూర్య అనువర్తన కక్ష్యలో (ఏ చోటునైనా రోజూ దాదాపు ఒకే వేళకు దాటే కక్ష్య) ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటే, కింద భూమి తన చుట్టూ తాను తిరుగుతూ ఒక్కోదాని కిందికి ఒక్కో పట్టీ చొప్పున వస్తుంది. 2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ37 ఒకేసారి మోసుకెళ్లిన 104 ఉపగ్రహాల్లో 88 ఈ డవ్‌లే. శ్రీహరికోట అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉంది. ఆ తరం నాలుగు బ్యాండ్లది (బ్యాండ్ అంటే కెమెరా విడిగా కొలిచే ఒక్కో రంగు వెలుగు). ఇప్పుడు వచ్చేవి సూపర్‌డవ్ చిత్రాలు, ఎనిమిది బ్యాండ్లు. 2022 ఏప్రిల్‌తో పాత తరం చిత్రాలు ఆగిపోయాయి. అంతకు ముందున్న సంవత్సరాలను కలిపి చూడాలనుకునే వాళ్లు రెండు తరాల సెన్సర్లను కలుపుతున్నామని గుర్తుంచుకోవాలి.

ఈ ఉపగ్రహాల నుంచి రోజూ చిత్రం వస్తుందని చెప్పే మాటను కొంచెం తగ్గించి తీసుకోవాలి. ఈ ఉపగ్రహాల మధ్య ఎడాన్ని ఇంజనుతో సరిచేయరు. పైన ఉన్న పలుచటి గాలి రాపిడిని వాడుకుంటారు: ఉపగ్రహాన్ని వెడల్పుగా తిప్పితే రాపిడి ఎక్కువ, సన్నగా తిప్పితే తక్కువ. కాబట్టి ఎడం ఎప్పుడూ సమానంగా ఉండదు. ఒకే ఉదయం నిమిషాల తేడాతో రెండు చిత్రాలు రావచ్చు, తర్వాత రెండు రోజులు ఏమీ రాకపోవచ్చు.

హద్దు గీసేటప్పుడు సముద్రాన్ని పూర్తిగా బయటికి తోసేశాం. పడమర హద్దు బకింగ్‌హామ్ కాలువకు కొంచెం అవతల. మొత్తం సుమారు 90 చదరపు కిలోమీటర్లు. సూపర్‌డవ్ పూర్తి చిత్రం దాదాపు 32.5 × 19.6 కిలోమీటర్లు, అంటే 637 చదరపు కిలోమీటర్ల దాకా. క్లిప్ చేయించి (మన హద్దు మేరకే కత్తిరించి) తీసుకుంటే వాడుకున్న విస్తీర్ణానికే లెక్క పడుతుంది, ఏడో వంతు ఖర్చుతో పోతుంది. 3 మీటర్ల పిక్సెల్ మీద 90 చదరపు కిలోమీటర్లంటే కోటి పిక్సెళ్లు. ఎనిమిది బ్యాండ్లు, ఒక్కో విలువకు 2 బైట్లు చొప్పున ఒక రోజు చిత్రం 160 ఎంబీ. మాకు కావలసినవి 4, 6, 7, 8 బ్యాండ్లు మాత్రమే. మిగతావి తీసేస్తే 80 ఎంబీ.

వెతికేటప్పుడు మేఘాల శాతం దగ్గర జాగ్రత్త. ఆ శాతం మొత్తం చిత్రానికి, మన హద్దుకు కాదు. సముద్రం మీద మబ్బు పట్టి గుంటల మీద ఎండ కాసే రోజులు ఈ తీరంలో ఎక్కువ. 10 శాతం దగ్గర ఫిల్టర్ పెడితే అలాంటి మంచి రోజులన్నీ పోతాయి. 60 శాతం దాకా అన్నీ రానిచ్చి, వాటితో వచ్చే యూడీఎం2 మాస్క్ (ఏ పిక్సెల్ మీద మబ్బుందో చెప్పే ఫైలు) మొదటి బ్యాండ్‌లో మన హద్దు లోపల ‘స్పష్టం’ అని ఉన్న పిక్సెళ్లు ఎన్నో లెక్కేసుకోవడం మేలు.

ఫిబ్రవరి: గుంటల గీతలు

క్యూజీఐఎస్ అనే మ్యాపుల ప్రోగ్రాంలో ఒక్కో గుంటకూ ఒక్కో పాలిగన్ (చుట్టూ హద్దు గీత) గీశాం. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని మ్యాపు మీద చదునుగా పరిచే పద్ధతి) యూటీఎం 44 ఉత్తరం, అంటే ఈపీఎస్‌జీ 32644. గీత గట్టు మీద కాకుండా నీటి అంచు మీద పడాలి. గీయడానికి గుంటలు నిండుగా ఉన్న రోజు చిత్రమే ఎంచుకోవాలి. ఎండిన రోజు గీస్తే గట్టు వాలు కూడా గుంటలో కలిసిపోతుంది.

ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది గట్టు గురించే. ఎకరం గుంట అంటే 4,047 చదరపు మీటర్లు, సుమారు 64 మీటర్ల చదరం. 3 మీటర్ల పిక్సెళ్లతో చూస్తే అందులో 450 పిక్సెళ్లు. అంచు పిక్సెళ్లలో సగం నీరు, సగం గట్టు, గట్టు మీద గడ్డి. వాటిని లెక్కలోకి రానివ్వకూడదు. నీటి అంచు నుంచి 6 మీటర్లు లోపలికి జరిపి లోపలి భాగాన్నే వాడితే దాదాపు 300 పిక్సెళ్లు మిగులుతాయి. ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో పిక్సెల్ 10 మీటర్లు. 10 మీటర్లు లోపలికి జరిపితే అదే గుంటలో మిగిలేవి 19 దాటవు. అర ఎకరం గుంటకొస్తే 6, వాటిలోనూ పూర్తిగా నీటి మీద పడేవి ఇంకా తక్కువ. కాబట్టి రెండెకరాలు దాటిన గుంటలకు సెంటినెల్-2 సరిపోతుంది, దానికి డబ్బు పెట్టనక్కర్లేదు. చిన్న గుంటలకే 3 మీటర్ల చిత్రాలు. ఈ పని మొదలుపెట్టే ఎవరికైనా మేము చెప్పేది ఇదే: ముందు గుంటల సైజుల జాబితా తీయండి, కొనాల్సిన డేటా ఎంతో దాన్ని బట్టి తేలుతుంది.

ప్రతి పాలిగన్‌కూ నంబరు, ఊరు, విస్తీర్ణం, రకం. రకాలు నాలుగు: మామూలు మట్టి గుంట, ప్లాస్టిక్ షీటు పరిచిన నర్సరీ గుంట, రిజర్వాయర్ గుంట, వదిలేసిన గుంట. రిజర్వాయర్ గుంటలో ఏడాదంతా నీళ్లుంటాయి, దాన్ని సాగు కింద లెక్కేస్తే మొత్తం తప్పుతుంది. నల్ల షీటు పరిచిన గుంట ఇంకో చిక్కు: ఖాళీగా ఉన్నా చిత్రంలో నల్లగానే ఉంటుంది. పచ్చ బ్యాండ్, నియర్ ఇన్‌ఫ్రారెడ్ (ఎరుపుకు అవతల, కంటికి కనిపించని వెలుగు) రెండూ తక్కువే, దాదాపు సమానమే. నీటి సూచిక (ఈ రెండింటి నుంచి కట్టే లెక్క, మార్చి భాగంలో ఉంది) సున్నా చుట్టూ ఊగుతూ, ఈ రోజు నిండినట్టు, రేపు ఎండినట్టు చూపిస్తుంది. ఈ గుంటలను వేరే పట్టికలో పెట్టాం, కళ్లతో చూసే తేలుస్తున్నాం.

మార్చి: లెక్క ఎలా కడుతున్నాం

సూత్రం పాతదే. పచ్చ నుంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను తీసివేసి, రెండింటి కూడికతో భాగిస్తే ఎన్‌డీడబ్ల్యూఐ అనే నీటి సూచిక వస్తుంది. నీరు నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చేస్తుంది కాబట్టి విలువ సున్నాకు పైన ఉంటుంది. పొడి మట్టి, గడ్డి కిందికి పోతాయి. షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ ఉంటే తడి మట్టినీ నీటినీ ఇంకా బాగా విడదీయొచ్చు, కానీ డవ్‌లలో ఆ బ్యాండ్ లేదు.

సూత్రం సులువైనా, అమలులో మూడు చోట్ల మనిషిని బోల్తా కొట్టిస్తుంది. మూడింట్లోనూ ప్రోగ్రాం ఏ ఎర్రరూ చూపించదు, మ్యాపు చక్కగానే వస్తుంది.

మొదటిది బ్యాండ్ల వరుస. పాత నాలుగు బ్యాండ్ల ఫైలులో 2 పచ్చ, 4 నియర్ ఇన్‌ఫ్రారెడ్. ఎనిమిది బ్యాండ్ల ఫైలులో 2 నీలం, 4 పచ్చ, 8 నియర్ ఇన్‌ఫ్రారెడ్. ఇంటర్నెట్‌లో దొరికే పాత స్క్రిప్టును కొత్త ఫైలు మీద నడిపితే అది నీలం నుంచి పచ్చను తీసివేస్తుంది. సముద్రపు నీటిలో నీలం ఎక్కువ, కాబట్టి సముద్రం నీరుగానే కనిపిస్తుంది. రొయ్యల గుంట నీరు పచ్చగా ఉంటుంది, కాబట్టి గుంటలన్నీ నేలగా మారిపోతాయి. చూసిన వాళ్లు త్రెషోల్డ్ (నీటినీ నేలనూ విడదీసే హద్దు విలువ) తప్పనుకుని దాన్ని జరుపుతూ కూర్చుంటారు.

రెండోది పూర్ణాంకాల తీసివేత. ఫైలులో విలువలు 16 బిట్ల, గుర్తులేని పూర్ణాంకాలు, రిఫ్లెక్టెన్స్‌ను (పడిన వెలుగులో వెనక్కి వచ్చిన వంతును) 10,000తో గుణించినవి. పచ్చ 500, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 800 అనుకుందాం. 500 నుంచి 800 తీస్తే మైనస్ 300 రావాలి. ఆ రకం సంఖ్యల్లో మైనస్ లేదు కాబట్టి 65,236 వస్తుంది, 1,300తో భాగిస్తే 50కి పైన. పొడి నేలంతా నీరుగా తేలుతుంది. ముందే ఫ్లోట్‌లోకి (దశాంశాలు, మైనస్ పట్టే సంఖ్యల రకంలోకి) మార్చాలి, ఆపైన 1 దాటిన విలువ ఒక్కటి కనిపించినా ప్రోగ్రాం ఆగిపోయేలా రాయాలి.

మూడోది సెంటినెల్-2 వైపు. 2022 జనవరి 25 నుంచి వచ్చే ఫైళ్లలో ప్రతి విలువకూ 1,000 కలిపి ఉంటుంది. తీసేయకపోతే ఏమవుతుందో చూడండి: పచ్చ 600, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 200 అయితే సూచిక 0.5. అవే 1,600, 1,200గా చదివితే 0.14. అదే నీరు, అదే రోజు. కొన్ని చోట్ల దొరికే ఫైళ్లలో ఈ 1,000 ముందే తీసేసి ఉంటుంది. మళ్లీ తీస్తే విలువలు మైనస్‌లోకి పోతాయి. ఫైలు ఎక్కడి నుంచి తెచ్చామో పట్టికలో రాయడం అందుకే.

గుంటకు సగటు తీసుకోవడం లేదు, మధ్యస్థ విలువ తీసుకుంటున్నాం. ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరిగే చోట నురగ తెల్లగా మెరిసి నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను పెంచుతుంది. 3 మీటర్ల చిత్రంలో ఆ నురగ చార ఏరేటర్ నుంచి సాగుతూ స్పష్టంగానే కనిపిస్తుంది. నాలుగైదు ఏరేటర్ల నురగకే సగటు కిందికి జారుతుంది, మధ్యస్థం కదలదు.

త్రెషోల్డ్‌ను ఓట్సు పద్ధతిలో (విలువలను రెండు గుంపులుగా విడదీసే హద్దును ప్రోగ్రామే వెతికే పద్ధతి) తీయొచ్చు. అయితే చిత్రంలో సముద్రం ఉంటే ఆ పద్ధతి సముద్రానికీ నేలకూ మధ్య గీత గీస్తుంది, బురద కలిసిన గుంట నీరు నేల వైపు పడిపోతుంది. సముద్రాన్ని హద్దు బయట పెట్టడం దీనికే.

మార్చి చివర: చిత్రాల జరుగుడు

డవ్ చిత్రాల స్థాన కచ్చితత్వం 10 మీటర్ల లోపు అని చెబుతారు. ఆ మాట నిజమే, అయితే మనం లోపలికి జరిపింది 6 మీటర్లే. రెండు పిక్సెళ్లు జరిగిన రోజున గట్టు గుంటలోకి వచ్చేస్తుంది. మంచి రోజు చిత్రం ఒకదాన్ని ఆధారంగా పెట్టి మిగతావన్నీ దానితో పొందించాం. ఆర్డరు ఇచ్చేటప్పుడే ఈ పని చేయించే సదుపాయం ఉంది, లేదంటే అరోసిక్స్ అనే ఉచిత పైథాన్ సాధనం. పొంతన కుదిరిందో లేదో చూడటానికి కాలువ మీది వంతెనలు, రొయ్యల షెడ్ల కప్పులు పనికొస్తాయి. గట్లు పనికిరావు, అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక గుంట జరిగినా సరిపోయినట్టే కనిపిస్తుంది.

ఏప్రిల్, మే: మెరుపు, చిక్కటి నీరు

నెల్లూరు అక్షాంశం సుమారు 14.4 డిగ్రీలు. ఏప్రిల్ ఆఖరులోనూ ఆగస్టు మధ్యలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో సూర్యకాలం 10:30కి ఉపగ్రహం దాటేసరికి సూర్యుడు నడినెత్తికి 22 డిగ్రీల దూరంలోనే ఉంటాడు. నీటి అల 11 డిగ్రీలు వంగితే చాలు, ఎండ నేరుగా కెమెరాలోకి కొడుతుంది. గాలి ఉన్న రోజు పెద్ద గుంటలు, రిజర్వాయర్ గుంటలు తెల్లగా మెరుస్తాయి, నీటి సూచిక పడిపోతుంది. ఆ రోజు చిత్రంలో పెన్న పాయ కూడా మెరుస్తుంటే ఆ చిత్రాన్ని పక్కన పెడుతున్నాం. ఎప్పుడూ నీళ్లుండే పాయనే నేలగా చూపించే చిత్రం గుంటల గురించి చెప్పేదేమీ లేదు.

మెరుపు ఒక రోజుతో పోతుంది. నీరు చిక్కబడటం వారాల పాటు ఉంటుంది. రెండు నెలలు దాటిన వనామీ రకం రొయ్యల గుంటలో మేత, మలం వల్ల నాచు పెరిగి నీరు ముదురు పచ్చగా అవుతుంది. నియర్ ఇన్‌ఫ్రారెడ్ కొంత పెరిగి ఎన్‌డీడబ్ల్యూఐ సున్నాకు దిగుతుంది. ప్రోగ్రాం ‘పట్టుబడి అయింది’ అని రాస్తుంది. నిజానికి గుంటలో రొయ్యలు నిండుగా ఉన్న సమయం అదే.

ఇక్కడ సూపర్‌డవ్‌లోని ఏడో బ్యాండ్, రెడ్ ఎడ్జ్ (ఎరుపుకూ నియర్ ఇన్‌ఫ్రారెడ్‌కూ మధ్యది), అక్కరకొచ్చింది. 705 నానోమీటర్ల దగ్గర నాచు వెలుగును బాగా వెనక్కి పంపుతుంది. అక్కడి నుంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్‌కు వెళ్లేసరికి నీరు ఆ వెలుగును పీల్చేస్తుంది, విలువ పడిపోతుంది. గట్టు మీది గడ్డికి ఇలా జరగదు: దానిలో ఏడో బ్యాండ్ కన్నా ఎనిమిదోది (నియర్ ఇన్‌ఫ్రారెడ్) చాలా ఎక్కువ. ఎండగట్టిన గుంటలో తడి మట్టికి ఆరు, ఏడు, ఎనిమిది మెట్లలా నెమ్మదిగా పెరుగుతాయి. అందుకని నియమం ఇలా రాశాం: ఎన్‌డీడబ్ల్యూఐ త్రెషోల్డ్ కిందికి దిగినా, ఏడో బ్యాండ్ ఎనిమిది కన్నా ఎక్కువగా ఉంటే గుంటలో నీళ్లున్నట్టే. ఈ ఒక్క నియమం కోసమైనా నాలుగు బ్యాండ్ల ఫైలు కాకుండా ఎనిమిది బ్యాండ్లది తీసుకోవాలని మా అభిప్రాయం.

మే: స్థితి ఎలా మారుతుంది

ఒక్క చిత్రాన్ని పట్టుకుని స్థితి మార్చం. వరుసగా మూడు స్పష్టమైన చిత్రాల్లో నీరు కనిపిస్తే ‘నిండింది’, తేదీ మొదటి చిత్రానిది. ఖాళీకీ అంతే. ఒకే ఉదయం వచ్చిన రెండు చిత్రాలు ఒక్కటి కిందే లెక్క. పది రోజులు దాటి మబ్బు పడితే ‘తెలియదు’ అని రాస్తున్నాం. ముందూ వెనకా చూసి మధ్యలో పూరించడం లేదు. ఆ ఖాళీలో గుంట ఎండబెట్టి, సున్నం చల్లి, మళ్లీ నీళ్లు పెట్టే వీలు లేకపోలేదు.

పట్టుబడి తర్వాత గుంట ఒక్కసారిగా ఎండదు. తూము వైపు పల్లంలో నీళ్లు నిలిచి ఉంటాయి. మధ్యస్థ విలువ అప్పటికే నేల వైపు తిరుగుతుంది కాబట్టి అది సమస్య కాలేదు.

నీళ్లు పెట్టిన తేదీని రొయ్య పిల్ల వదిలిన తేదీ అనుకోవద్దు. నీళ్లు పెట్టాక బ్లీచింగ్ చల్లి, నీటికి రంగు తెప్పించి, ఆ తర్వాతే పిల్ల వదులుతారు. పైనుంచి కనిపించేది నీళ్లే. అలాగే 40 రోజుల్లోపే ఖాళీ అయిన గుంటకు ‘త్వరగా ఖాళీ’ అని గుర్తు పెడతాం, అంతే. జబ్బు వచ్చిందని రాసే హక్కు చిత్రానికి లేదు. గట్టు మీదికి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది.

జూన్: ఎడగారు నాట్లు

పడమర అంచున మాగాణి ఉంది. ఎడగారు (రెండో పంట) వరి నాట్లకు దమ్ము చేసి నీళ్లు కట్టిన మడి, కొత్తగా నింపిన గుంటకు అచ్చు గుద్దినట్టు ఉంటుంది. నెల తిరిగేసరికి మడి పచ్చబడి ఎనిమిదో బ్యాండ్ ఎగబాకుతుంది. గుంటలో అలా జరగదు. కొత్త పాలిగన్ ఏది గీయాలన్నా 45 రోజులు ఆగి గీస్తున్నాం.

ఉప్పు మడులకు ఈ ఓపిక కూడా చాలదు. వాటిలో నీరు జానెడు లోతు కూడా ఉండదు, అడుగు కనిపిస్తుంది, ఎండితే తెల్లబడుతుంది. ఆ తెలుపును యూడీఎం2 కొన్నిసార్లు మబ్బు కింద కట్టేస్తుంది. ఉప్పు పండించే చోట్లకు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు తీసుకెళ్లొద్దు.

ఆగస్టు: నేల మీద సరిచూడటం

ఫోన్‌లో క్యూఫీల్డ్ అనే మ్యాపుల యాప్, మా పాలిగన్లు, ఖాళీ పట్టిక. గట్టు మీద నిలబడి రాయాల్సినవి: నీళ్లు ఉన్నాయా, రంగు, ఏరేటర్లు ఎన్ని తిరుగుతున్నాయి, షీటు ఉందా. ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు తేడా వస్తుంది. రెండు గుంటల మధ్య గట్టు మీద నిలబడితే ఏ గుంటలోకైనా చుక్క పడొచ్చు. కాబట్టి చుక్కను నమ్మకుండా తెర మీద గుంటను వేలితో తాకి ఎంచుకోవాలి. ఉదయం 10 నుంచి 11:30 మధ్య వెళితే ఉపగ్రహం చూసిన నీటినే మనమూ చూస్తాం. ఏరేటర్లు రాత్రి పూట ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి సాయంత్రం వెళ్లి రాసిన నురగ లెక్క చిత్రానికి పొసగదు.

సరిచూడటానికి గుంటలను లాటరీ తీసి ఎంచాలి. రోడ్డు పక్కవి చూసి సరిపెట్టుకుంటే, పెద్దవి, బాగా నడుస్తున్నవే ఎక్కువగా వస్తాయి. లోపలి చిన్న గుంటల్లోనే తప్పులన్నీ ఉంటాయి.

ఫలితాలు ఎవరికి ఇవ్వాలన్నది కూడా ఈ నెలే తేల్చుకున్నాం. గుంట వారీ తేదీలు బయటికి ఇవ్వం. ఏ ఊళ్లో ఏ గుంటలు ఈ వారం పట్టుబడికి వస్తాయో కొనేవాడికి ముందే తెలిస్తే, రైతు ధర దగ్గర నిలబడలేడు. ఊరి మొత్తం విస్తీర్ణం, నెల వారీగా మాత్రమే ఇస్తాం. ఎవరి గుంట వివరం వాళ్లు అడిగితే ఇస్తాం.

అక్టోబర్, నవంబర్: మబ్బు కాలం

నెల్లూరుకు వానలు ఈశాన్య రుతుపవనాలవే ఎక్కువ. ఈ నెలల్లో ఎన్ని ఉపగ్రహాలు దాటినా కెమెరాకు కనిపించేది మబ్బే. ఇక్కడ రాడార్ తప్పదు. సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం చిత్రాలు ఉచితం, సీ బ్యాండ్ రేడియో తరంగాలతో మబ్బును దాటి చూస్తుంది. నిలకడగా ఉన్న నీరు రాడార్ కిరణాన్ని అవతలికి తోసేస్తుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది.

పిక్సెల్ 10 మీటర్లని రాసి ఉన్నా, అసలు విడదీసే శక్తి 20 మీటర్ల దగ్గరే. ఎకరం గుంటలో అలాంటివి పది. పైగా రాడార్‌కు గట్లు మెరుస్తాయి, ఏరేటర్లు తిరిగే నీరు గరుకై తెల్లబడుతుంది. తుపాను గాలిలో మొత్తం గుంట నేలలా కనిపిస్తుంది. కాబట్టి ఈ నెలలకు రెండెకరాల పైబడిన గుంటలకే లెక్క ఇస్తున్నాం, మిగతా వాటికి ‘తెలియదు’. పెన్నకు 2021 నవంబర్‌లో వచ్చినంత వరద వస్తే గట్లు మునిగి గుంటలన్నీ ఒకే నీటి పలకగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఎన్ని గుంటలు నిండాయన్న ప్రశ్నకే అర్థం ఉండదు. పొలమూ గుంటా కలిసి మునిగిన విస్తీర్ణం ఒక్కటే రాస్తాం.

డిసెంబర్: కొత్త ఉపగ్రహాలు, మిగిలిన పని

పిక్సెల్ (Pixxel) అనే మన దేశపు సంస్థ ఫైర్‌ఫ్లై ఉపగ్రహాలు 2025లో రెండు విడతల్లో ఆరు పైకి వెళ్లాయి. వాటి చిత్రంలో ఒక్కో పిక్సెల్ 5 మీటర్లు, బ్యాండ్లు 135కు పైనే. అంతరిక్ష రంగంలో ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్-స్పేస్ 2025 ఆగస్టులో ఎంపిక చేసిన 12 ఉపగ్రహాల ప్రాజెక్టులోనూ ఆ సంస్థతో పాటు హైదరాబాద్ ధ్రువ స్పేస్ ఉంది. గుంట నిండిందా ఎండిందా అని చూడటానికి 135 బ్యాండ్లు అక్కర్లేదు. నాచు ఏ రకం, ఎంత చిక్కన అని తేల్చాలంటే మాత్రం ఏడో బ్యాండ్ ఒక్కటి చాలదు, అక్కడ అవి ఉపయోగపడతాయి.

వచ్చే పంటకు ముందు చేయాల్సినవి: షీటు గుంటల పట్టికను కొత్త చిత్రాలతో మళ్లీ చూడటం, ఈ ఏడాది కొత్తగా తవ్విన గుంటలకు పాలిగన్లు గీయడం, రెండుగా చీల్చిన పెద్ద గుంటలకు పాత నంబరు రద్దు చేసి రెండు కొత్త నంబర్లు ఇవ్వడం. పాత నంబరును ఒక సగానికి ఉంచేస్తే ఆ గుంట విస్తీర్ణం హఠాత్తుగా సగమైనట్టు పట్టికలో వస్తుంది.